ఓపిక నిల్వ ఎంత? ఛాతీ ఆపరేషన్‌కు ముందు అడగవలసిన ప్రశ్న

చెన్నైలోని తెలుగు కుటుంబాల పెద్దల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య సమావేశంలో, గుండె, ఊపిరితిత్తుల శస్త్రచికిత్సలలో పనిచేసే ఒక మత్తు వైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎత్తిరాశాము. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.

పెద్దలందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం, అందులోనూ ఈ చెన్నై ఎండలో, ఆపరేషన్ల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది ఇళ్ళల్లో ఎవరికో ఒకరికి ఛాతీ ఆపరేషన్ జరిగి ఉండాలి, లేదా జరగబోతూ ఉండాలి. చేతులెత్తమని అడగను లెండి. నేను మత్తు డాక్టరును. సర్జన్ పేరు పదేళ్ళయినా అందరికీ గుర్తుంటుంది, మత్తు ఇచ్చినవాళ్ళ పేరు ఆ సాయంత్రానికే మరిచిపోతారు. అది మా వృత్తిలో ఉన్న సుఖం. అయితే ఆపరేషన్‌కు ముందు రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నీ విచారించే పని మాది. ఆ పనిలో ఇరవై ఏళ్ళు దాటిన తరువాత నాకు అర్థమైన ఒక సంగతి మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా దగ్గరికి వచ్చిన ప్రతి కొడుకూ, ప్రతి కూతురూ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, నాన్నగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఈ వయసులో తట్టుకుంటారా?" ఈ ప్రశ్నలో వయసు గురించిన సగాన్ని కాసేపు పక్కన పెట్టండి. "తట్టుకుంటారా" అన్న సగాన్ని గట్టిగా పట్టుకోండి. మేము చేయించే పరీక్షలలో ఎకో ఉంది, యాంజియోగ్రామ్ ఉంది, సి.టి. స్కాన్ ఉంది, ఊపిరితిత్తుల సామర్థ్యం చూసే పి.ఎఫ్.టి. ఉంది. గుండె ఎలా ఉందో, ఊపిరితిత్తి ఎలా ఉందో, కిడ్నీ ఎలా ఉందో ఇవి చెబుతాయి. మనిషి ఎలా ఉన్నాడో వీటిలో ఏది చెబుతుంది? ఏదీ చెప్పదు.

కొన్నేళ్ళ క్రితం ఒకే వారంలో నా దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఇద్దరిదీ నెల్లూరు వైపే. మొదటాయన గూడూరు దగ్గర నిమ్మతోట ఉన్న రైతు, 79 ఏళ్ళు, కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ. లిఫ్టు దగ్గర రద్దీగా ఉందని, నాకోసం తెచ్చిన నిమ్మకాయల సంచీ పట్టుకుని రెండంతస్తులు మెట్లెక్కి వచ్చారు. పైకి వచ్చాక ఆయాసపడలేదు, లిఫ్టు కోసం నిలబడిన కొడుకు ఇంకా రాలేదేమిటని విసుక్కున్నారు. రెండో ఆయన విశ్రాంత అధికారి, 64 ఏళ్ళు, బైపాస్ కోసం వచ్చారు. గుండె పంపింగు బాగుంది, కిడ్నీ బాగుంది, షుగరు అదుపులో ఉంది. కాగితాల మీద చూస్తే ఈయనే మెరుగు. కానీ ఆయన చూపుడువేలి ఉంగరానికి లోపలి వైపు ఎర్రటి దారం చుట్టి ఉంది. ఉంగరం జారిపోకుండా దారం చుట్టుకున్నారంటే వేలు సన్నబడిందని అర్థం. వేలు సన్నబడిందంటే ఒళ్ళంతా సన్నబడిందని అర్థం. లేచి వెళ్ళేటప్పుడు కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, ఒకసారి ప్రయత్నించి, కూలబడి, రెండోసారి లేచారు.

నేను చూశాను. చూసి, ఫైలులో రాయలేదు. ఎందుకు రాయలేదంటే, అలా రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. నిమ్మతోట రైతు లోబెక్టమీ, అంటే ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న భాగాన్ని (లోబ్‌ను) తీసివేసే ఆపరేషన్, అయిన ఆరో రోజున ఇంటికి వెళ్ళిపోయారు. అధికారిగారికి బైపాస్ చక్కగా జరిగింది, గుండెకు అతికిన కొత్త రక్తనాళాలన్నీ (గ్రాఫ్టులు) చక్కగా పనిచేశాయి, కానీ ఆయనకు దగ్గే బలం లేక కఫం లోపలే నిలిచి న్యుమోనియా వచ్చింది. న్యుమోనియా తగ్గేసరికి నిలబడే బలం పోయింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి, చక్రాల కుర్చీలో ఇంటికి వెళ్ళారు. ఆపరేషన్ విజయవంతం అని మేమందరం అన్నాం. ఆయన భార్య మాత్రం నన్ను పక్కకు పిలిచి, "నడుచుకుంటూ తీసుకొచ్చానమ్మా" అని ఒక్క మాట అన్నారు. ఆ ఒక్క మాట తరువాతే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

వైద్యంలో దీన్ని ఫ్రెయిల్టీ అంటారు. తెలుగులో ఏమనాలి? బలహీనత అందామంటే, జ్వరం వచ్చి తగ్గినవాడికీ బలహీనతే. నీరసం అందామంటే, ఏకాదశి ఉపవాసం చేసినవాళ్ళకీ నీరసమే. దుర్బలత్వం అన్నది పుస్తకాల మాట. ఆ మాట అన్న రోగిని నేను ఇంతవరకు చూడలేదు. మన పెద్దవాళ్ళు నోరారా అనే మాట వేరే ఉంది: "ఒంట్లో ఓపిక లేదమ్మా." ఈ ఓపిక అన్న మాట చూడండి ఎంత బాగుందో. శక్తికీ అదే, సహనానికీ అదే, భరించగలగడానికీ అదే. ఫ్రెయిల్టీ అంటే ఓపిక నిల్వ తగ్గిపోవడం. రోజు గడవడానికి సరిపడా ఓపిక ఉంటుంది, కష్టం వస్తే తీసి వాడుకోవడానికి మిగులు ఉండదు.

మా నెల్లూరులో చెరువుల కింద సేద్యం చేసేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కార్తీకంలో చెరువు నిండుగా ఉంటుంది, రెండు తూములు తెరిచినా గట్టు మీద నిలబడి చూసేవాడికి తేడా తెలియదు. వైశాఖంలో అదే చెరువు. నీళ్ళు కనబడుతూనే ఉంటాయి, ఒక్క తూము ఎత్తితే సాయంత్రానికి బురద. ఛాతీ ఆపరేషన్ అంటే తూములన్నీ ఒకేసారి ఎత్తడం. రొమ్ము ఎముకో పక్కటెముకల మధ్య భాగమో తెరుస్తారు, నొప్పి వల్ల శ్వాస పైపైనే ఆడుతుంది, పైపైన ఆడితే ఊపిరితిత్తి అడుగుభాగం ముడుచుకుంటుంది, అక్కడ కఫం చేరుతుంది. ఆ కఫాన్ని దగ్గి బయటికి తేవాలి, మంచం దిగి నడవాలి, పుండు మానడానికి ఒళ్ళు తన కండనే కరిగించుకుని ఖర్చు పెట్టాలి. ఇవన్నీ ఒకే వారంలో జరగాలి. నిల్వ లేనివాడు దేనితో ఖర్చు పెడతాడు?

దీన్ని కొలవవచ్చునా అంటే, కొలవవచ్చు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు 65 ఏళ్ళు దాటిన అయిదు వేల మందికి పైగా వృద్ధుల వివరాలతో ఒక నిర్వచనం ఇచ్చారు. అందులో అయిదు లక్షణాలున్నాయి: ప్రయత్నించకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలో, అంతకంటే ఎక్కువో బరువు తగ్గడం; ఏ పనైనా బరువుగా అనిపించే అలసట; పిడికిలి బలం తగ్గడం; నడక నెమ్మదించడం; రోజువారీ కదలిక తగ్గడం. మూడు, అంతకంటే ఎక్కువ ఉంటే ఫ్రెయిల్. ఒకటి రెండు ఉంటే ఆ దారిలో ఉన్నట్టు. 2005లో కెనడాలో కెన్నెత్ రాక్‌వుడ్ బృందం ఇంకో పద్ధతి తెచ్చింది. మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటున్నాడో అడిగి, మెట్లు మెట్లుగా ఒక అంకె ఇస్తారు. ఇప్పుడు అది ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉంది, అంకె పెరిగేకొద్దీ ఓపిక తక్కువన్నమాట.

ఈ రెండో పద్ధతిలో మన ఇళ్ళకు సంబంధించిన చిక్కు ఒకటుంది, అది చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. "బ్యాంకు పనులు మీరే చూసుకుంటారా? మందులు మీరే తీసి వేసుకుంటారా?" అని అడుగుతాం. మన ఇళ్ళల్లో పెద్దాయన బ్యాంకుకు వెళ్ళడు, కొడుకు వెళతాడు. మందులు కోడలు తీసి చేతిలో పెడుతుంది. ఇది ఆయన చేయలేక కాదు, మన మర్యాద అది. ఇంకో ఇంట్లో ఆయన నిజంగా చేయలేని స్థితిలో ఉన్నా అదే మర్యాద ఆ సంగతిని కప్పేస్తుంది. అందుకని నేను "చేస్తారా" అని అడగను, "ఇంట్లో అందరూ ఒక వారం పెళ్ళికి వెళ్ళిపోతే మీకు గడుస్తుందా" అని అడుగుతాను. కొడుకు నోరు తెరిస్తే, ఆయన్నే చెప్పనివ్వండి బాబూ అంటాను. ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఆసుపత్రిలో చేరిన రోజున మనిషి ఎలా ఉన్నాడన్నది లెక్క కాదు, ఈ జబ్బు ముదరకముందు, రెండు వారాల కిందట ఎలా ఉండేవారో అది లెక్క. లేకపోతే ఆయాసంతో వచ్చిన ప్రతివాళ్ళకీ మనం పెద్ద అంకె వేసేస్తాం.

ఇక నడక పరీక్ష. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు. మా ఓ.పి. బయట వరండాలో నేల మీద తెల్ల ప్లాస్టరు ముక్కలు రెండు అతికించి ఉంటాయి, రెంటి మధ్య దూరం 5 మీటర్లు. మొదటి గీతకు కొంచెం వెనకనుంచి బయలుదేరి, రెండో గీత దాటాక ఆగాలి. పరుగు వద్దు, పెళ్ళినడక వద్దు, కూరగాయలకు వెళ్ళేటప్పుడు ఎలా నడుస్తారో అలా నడవాలి. మూడుసార్లు చూసి సగటు తీస్తాం. కర్ర వాడేవాళ్ళు కర్రతోనే నడవవచ్చు. ఒక్కటే షరతు: కూతురు చెయ్యి వదలాలి. "చెయ్యి వదులమ్మా" అంటే వదలరు, ఆ వెనకే అరడుగు దూరంలో, పడితే పట్టుకుందామని రెండు చేతులూ చాచి నడుస్తారు. ఆ దృశ్యం చూస్తే చాలు, ఆ ఇంట్లో ఆయన ఎలా తిరుగుతున్నారో గడియారం చూడకుండానే తెలిసిపోతుంది.

2010లో జొనాథన్ అఫిలాలో బృందం గుండె ఆపరేషన్లకు వచ్చిన, 70 ఏళ్ళు, అంతకు మించి వయసున్నవారిలో ఈ 5 మీటర్ల నడకనే పరీక్షించింది. ఆరు సెకన్లు, అంతకంటే ఎక్కువ తీసుకున్నవారికి ఆపరేషన్ తరువాత మరణమో, పెద్ద చిక్కులో వచ్చే అవకాశం దాదాపు మూడు రెట్లు కనిపించింది. వయసు ఒకటే, జబ్బు ఒకటే, ఆపరేషన్ ఒకటే. తేడా నడకలో ఉంది. ఎందుకని? నడవడానికి గుండె కావాలి, ఊపిరి కావాలి, తొడ కండరం కావాలి, కీళ్ళు కావాలి, చూపు కావాలి, దారి తెలిసే బుద్ధి కావాలి. ఇన్నింటిలో ఏది తగ్గినా నడకలో బయటపడుతుంది. ఊపిరితిత్తి ఆపరేషన్ చేయించుకునేవారికి మెట్ల పరీక్ష కూడా ఉంది. ఆగకుండా 22 మీటర్ల ఎత్తు, అంటే సుమారు ఆరేడు అంతస్తులు ఎక్కగలిగితే ఆపరేషన్ ప్రమాదం తక్కువ అని లెక్క. మా రైతుగారు రెండంతస్తులు సంచీతో ఎక్కి, ఆ పరీక్షలో కొంత భాగం నాకు తెలియకుండానే రాసేశారన్నమాట.

కుర్చీ పరీక్ష గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఛాతీ ఆపరేషన్‌తో దీనికి ప్రత్యేకమైన సంబంధం ఉంది. చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకుని, మామూలు ఎత్తు కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. ఆసియా దేశాల వారి కోసం 2019లో వేసిన ప్రమాణాల ప్రకారం 12 సెకన్లు, అంతకుమించి పడితే కండరం సత్తువ తగ్గిందని అనుమానించాలి. అసలు లేవలేకపోతే మాట చెప్పనే అక్కర్లేదు. అది సరే, చేతులు ఎందుకు కట్టుకోవాలి? బైపాస్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, మళ్ళీ స్టీలు తీగలతో కడతారు. ఆ ఎముక అతుక్కునే దాకా, ఆరు నుంచి ఎనిమిది వారాలు, చేతుల మీద బరువు మోపి లేవవద్దు అని చెబుతాం. ఇప్పుడు ఆలోచించండి. ఆపరేషన్‌కు ముందే చేతుల సాయం లేకుండా లేవలేని మనిషి, ఆపరేషన్ తరువాత కుర్చీలోంచి ఎలా లేస్తాడు? మంచం మీదనుంచి ఎలా లేస్తాడు? మరుగుదొడ్డిలోంచి ఎలా లేస్తాడు? గుండె ఆపరేషన్ తరువాత మనిషిని మంచం దించేది తొడ కండరం. ఈ సంగతి నాకు ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు, అధికారిగారి కుర్చీ చెప్పింది.

పిడికిలి బలానికి చిన్న పరికరం ఉంది, నొక్కితే కిలోలలో చూపిస్తుంది. మగవారికి 28 కిలోలు, ఆడవారికి 18 కిలోలు దాటాలి. పరికరం లేని చోట నేను తడిబట్ట గురించి అడుగుతాను. "తువ్వాలు పిండుకోగలుగుతున్నారా, నీళ్ళు కారుతూనే ఆరేస్తున్నారా?" ఆడవాళ్ళు వెంటనే జవాబు చెబుతారు. మగవాళ్ళు భార్య వంక చూస్తారు.

నెత్తురులో రెండు అంకెలు చూస్తాం: హిమోగ్లోబిన్, అల్బుమిన్ అనే మాంసకృత్తు. మగవారికి 13, ఆడవారికి 12 కంటే హిమోగ్లోబిన్ తగ్గితే రక్తహీనత, అల్బుమిన్ 3.5 కంటే తగ్గితే ఆరా తీయాలి. గుండె కవాటం మార్పిడికి వచ్చే పెద్దవారి కోసం అఫిలాలో బృందం తరువాత తయారుచేసిన పరీక్షలో ఉన్నవి నాలుగే నాలుగు: కుర్చీ, జ్ఞాపకశక్తి, హిమోగ్లోబిన్, అల్బుమిన్. నాలుగూ మన జిల్లా ఆసుపత్రిలో చేయగలిగినవే.

జ్ఞాపకశక్తి దగ్గర నాకొక బాధ ఉంది. మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, ఆ మూడు మాటలు తిరిగి చెప్పమని అడిగే చిన్న పరీక్ష ఉంది. మంచి పరీక్షే. కానీ బడికి వెళ్ళని అవ్వ చేతికి కలం ఇచ్చి గడియారం గీయమంటే, అది ఆమె బుద్ధికి పరీక్షా, మన బుద్ధికి పరీక్షా? అటువంటివారిని నేను మనవళ్ళ పేర్లు వరసగా చెప్పమంటాను, పోయిన పండక్కి ఎవరెవరు వచ్చారో చెప్పమని, పక్కనున్నవాళ్ళతో సరిచూస్తాను. ఇక భాష. ఈ ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, పేరు వద్దు, ఊపిరితిత్తుల ఆపరేషన్ అయిన ఒక అవ్వకు "మతి చెదిరింది" అని రాత్రి డ్యూటీవారు రాశారు. అరుస్తోంది, సూదులు పీకేసుకుంటోంది అని చేతులు మంచానికి కట్టారు. తెల్లవారి నేను వెళ్ళి, "ఏమవ్వా, ఏమయింది?" అని తెలుగులో అడిగితే, "పళ్ళు తెచ్చియ్యమంటే ఒక్కరూ ఇయ్యరు, చెవులో మిషనూ తీసేసినారు" అంది. కట్టుడు పళ్ళు లేక మాట స్పష్టంగా రాలేదు, వినికిడి యంత్రం లేక ఏమీ వినబడలేదు, చుట్టూ అందరూ తమిళం. నాకే అలా చేస్తే నేనూ అరుస్తాను. అయితే ఆ అవ్వకు నిజంగా కూడా కొంత మతి చెదిరింది, అది దాచను. ఫ్రెయిల్టీ ఉన్నవారిలో ఆపరేషన్ తరువాత డెలీరియం, అంటే ఇలా ఉన్నట్టుండి మతి చెదరడం, ఎక్కువ. కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, వినికిడి యంత్రం, పగలూ రాత్రీ తేడా తెలిసేలా వెలుతురు, తెలిసిన గొంతు, అనవసరమైన నిద్రమాత్రలు మానడం, ఇవే దానికి మొదటి వైద్యం. ఈ ఊరికి ఆపరేషన్‌కు వచ్చే మన బంధువులు ఎవరైనా ఉంటే, రాత్రిపూట తెలుగు మాట్లాడే మనిషి ఒకరు దగ్గర ఉండేలా అనుమతి అడగండి. మొహమాటపడకండి.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. మన దేశంలో మొదటి బైపాస్ ఆపరేషన్ 1975లో ఈ ఊళ్ళోనే, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. వృద్ధుల వైద్యానికి దేశంలో మొదటి ప్రత్యేక విభాగం కూడా ఈ ఊళ్ళోనే, ప్రభుత్వ సాధారణ ఆసుపత్రిలో 1978లో, డాక్టర్ వి.ఎస్. నటరాజన్ మొదలుపెట్టారు. రెంటి మధ్య దూరం నాలుగైదు మైళ్ళు, మూడేళ్ళు. అయినా ఛాతీ కోసేవాళ్ళూ, ముసలితనాన్ని చదివేవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఇప్పుడిప్పుడే జరుగుతోంది. మా వాళ్ళ మీద నా ఫిర్యాదు ఇది.

ఇక మీ మీద నా ఫిర్యాదు. ఆపరేషన్ తేదీ పడగానే ఇంట్లో ఏం జరుగుతుంది? "నాన్నా, మీరు కదలకండి. అన్నీ మంచం దగ్గరికే తెస్తాం." కాఫీ మంచం దగ్గరికి, పేపరు మంచం దగ్గరికి, ఫోను మంచం దగ్గరికి. ప్రేమతోనే చేస్తాం. 2007లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వృద్ధులను పది రోజులు మంచం మీద ఉంచి చూశారు. పది రోజులే. వారి కాళ్ళలో కండ దాదాపు ఒక కిలో తగ్గింది. వాళ్ళకు జబ్బు లేదు. జబ్బున్న మన నాన్నగారిని మూడు వారాలు మంచం మీద పెట్టి, నాలుగో వారంలో ఆపరేషన్‌కు తెస్తున్నాం.

దీనికి తోడు పథ్యం. ఆపరేషన్ అనగానే కారం మానేస్తారు, పప్పు వాతం అని మానేస్తారు, గుడ్డు వేడి అని మానేస్తారు, చేప చీము పట్టిస్తుందని మానేస్తారు. మిగిలేది ఏమిటి? పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నం. ఆపరేషన్‌కు తయారయ్యే పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. మన పథ్యం భోజనంలో అందులో సగం కూడా రాదు. రాగిజావ తాగిస్తున్నాం కదా అంటారు. రాగులలో సున్నం, అంటే కాల్షియం, మెండుగా ఉంది, మాంసకృత్తులు మాత్రం బియ్యంతో సమానమే. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, పావుకిలో చేప ముక్కలలో దాదాపు 45 గ్రాములు ఉంటాయి. పప్పు ముద్దగా వండి, పైన తేరిన నీళ్ళు కాకుండా పప్పునే వడ్డించండి. శాకాహారులకు పాలు, గట్టి పెరుగు, పనీరు, సెనగలు, వేరుసెనగ ఉన్నాయి, బి12 ఎంతుందో కూడా చూపించండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇవి పెంచకూడదు. ఇది చాలా ముఖ్యం, మళ్ళీ చెబుతున్నాను, కిడ్నీ జబ్బు ఉంటే అడగకుండా పెంచకూడదు.

మరి ఆపరేషన్‌కు ముందున్న ఆ రెండు వారాలో, నాలుగు వారాలో ఏం చేయాలి? ఆపరేషన్‌కు ముందే ఒంటిని ఇలా సిద్ధం చేయడాన్ని ప్రీహాబ్ అంటున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారి మీద జరిగిన పరిశోధనలు పెద్దవి కావు గానీ, ఆపరేషన్‌కు ముందు వ్యాయామం చేయించినవారిలో ఊపిరితిత్తుల చిక్కులు బాగా తగ్గాయన్న దిశ స్పష్టంగా ఉంది. క్యాన్సర్‌కు ఆలస్యం పనికిరాదు కదా అంటే, నిజమే. కానీ బయాప్సీ, పెట్ స్కాన్, రక్తపరీక్షలు, డబ్బు సర్దుబాటు, వీటికే మూడు వారాలు పడుతున్నాయి. ఆ మూడు వారాలనే వాడుకోమంటున్నాను, కొత్తగా ఆలస్యం చేయమనడం లేదు. రోజూ నడక, మాట్లాడగలిగేంత ఆయాసం వరకు. కుర్చీలోంచి చేతులు కట్టుకుని లేవడం, పూటకు పదిసార్లు; మొదట ఎత్తు కుర్చీతో, అలవాటయ్యాక మామూలు కుర్చీతో. మూడు బంతుల స్పైరోమీటరు.

ఈ బంతుల పరికరం గురించి ఒక్క మాట. కొని ఇంటికి తీసుకెళ్ళిన పదిమందిలో చాలామంది దాన్ని ఊదుతారు. బూర కదా అనుకుంటారు. ఊదితే బంతి లేవదు, పరికరం పాడైపోయిందని బీరువా మీద పెట్టేస్తారు. ఇది ఊదేది కాదు, పీల్చేది. నోట్లో గొట్టం పెట్టుకుని, కొబ్బరిబోండాం అడుగున మిగిలిన నీళ్ళు స్ట్రాతో పీల్చినట్టు, నెమ్మదిగా, నిండుగా పీల్చి, బంతిని పైన కాసేపు నిలపాలి. మూడు బంతులూ ఒక్కసారిగా ఎగరేయడం గొప్ప కాదు, ఒక బంతిని నిలపడం గొప్ప. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు. ఆపరేషన్ తరువాత నొప్పిలో నేర్పితే ఎవరికీ రాదు, ముందే చేతికి అలవాటు కావాలి. దిండును ఛాతీకి హత్తుకుని దగ్గడం కూడా ముందే నేర్చుకోవాలి.

బీడీ, చుట్ట, సిగరెట్టు మానడానికి నాలుగు వారాలు దొరికితే మేలు. ఆపరేషన్ దగ్గరపడ్డాక మానితే కఫం ఎక్కువై ప్రమాదమని ఒక పాత భయం ఉంది, అది నిలబడలేదు. ఏ రోజు మానినా ఆ రోజు నుంచి మంచిదే. రక్తహీనత ఉంటే ఐరన్ మాత్రతో సరిపెట్టకుండా కారణం వెతకాలి. పదీ పన్నెండు మాత్రలు మింగుతున్నవారి సంచీ మొత్తం డాక్టరు బల్ల మీద గుమ్మరించండి, సగం ఎందుకు వేసుకుంటున్నారో వారికే తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. గుండె ప్రధాన ధమనిలో తీవ్రమైన అడ్డు ఉన్నవారు, కూర్చున్నా ఛాతీ నొప్పి వచ్చేవారు, బృహద్ధమని కవాటం బాగా ఇరుకైనవారు, నడుస్తూ కళ్ళు తిరిగి పడిపోయినవారు, నా మాట విని రేపు పొద్దున మెరీనాకు నడకకు వెళ్ళకండి. మీకు ఎంత కదలిక మంచిదో మీ కార్డియాలజిస్టు చెప్పాలి. మీ చేతిలో ఉన్నది తిండి, శ్వాస అభ్యాసం. అది తక్కువేమీ కాదు.

ఇన్ని కొలిచాక, ఓపిక నిల్వ తక్కువని తేలితే ఆపరేషన్ మానెయ్యాలా? ఇలా అడిగేవారిలో కొందరు డాక్టర్లు కూడా ఉన్నారు, అందుకే నాకు భయం. ఫ్రెయిల్ అని రాయడం వెళ్ళగొట్టడానికి సాకు కాకూడదు. తరచుగా దారి మారుతుంది. పక్కటెముకలు విడదీసి తెరిచే బదులు కెమెరాతో చిన్న రంధ్రాల ద్వారా చేయవచ్చు. చిన్న గడ్డకు మొత్తం లోబ్ తీయకుండా అందులోని ఒక భాగమే తీయవచ్చు. కొందరికి కచ్చితంగా గురిపెట్టిన రేడియేషన్, కొందరికి ఛాతీ తెరవకుండా తొడ రక్తనాళం ద్వారా కవాటం మార్చడం. ఐ.సి.యు. మంచం ముందే అనుకోవచ్చు, ఫిజియోథెరపీ మొదటి రోజు నుంచి రాయవచ్చు. ఇవేవీ కుదరక, వద్దు అనుకున్నవారూ ఉన్నారు. కిందటేడాది ఒక పెద్దమ్మగారు, 83 ఏళ్ళు, అన్నీ విని, "ఆపరేషన్ అయ్యాక నా వంట నేను చేసుకోగలనా?" అని అడిగారు. నిజం చెప్పాం, కష్టమేనని. "అయితే నన్ను తిరుపతి పంపించండి, మా అక్క దగ్గర ఉంటా" అన్నారు. కొడుకులిద్దరూ చాలా బాధపడ్డారు, కానీ ఆమె అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. బతుకుతానా అని మాత్రమే అడిగి ఊరుకునేవాళ్ళకు మేము శాతం చెప్పి పంపించేస్తాం. ఎలా బతుకుతానని అడిగితే కూర్చుని మాట్లాడవలసి వస్తుంది.

టిఫిన్లు సిద్ధమయ్యాయని వెనకనుంచి సైగ చేస్తున్నారు. హాలు బయట వరండాలో, నీళ్ళ డ్రమ్ము నుంచి మెట్ల దాకా, పొద్దున్నే వచ్చి 5 మీటర్లకు తెల్ల ప్లాస్టరు అతికించాను. మా విద్యార్థి ఒకబ్బాయి ఫోనులో గడియారం పట్టుకుని నిలబడతాడు. చెప్పులు తీయనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు. ఆరు సెకన్లు దాటితే కంగారుపడకండి. ఆ అంకె ఒక చీటీ మీద రాసిస్తాడు, మీ డాక్టరుకు చూపించండి. చట్నీ గిన్నె చేతిలో పట్టుకుని మాత్రం నడవకండి. టిఫినుకు ముందే నడవండి.